ముంజేతి మీది పచ్చబొట్టు, బ్యాంకు ఇంటర్వ్యూ

ఎడమ ముంజేతి లోపలి వైపు అమ్మగారి పేరు పచ్చబొట్టుగా ఉందనీ, వచ్చే నెల ప్రైవేటు బ్యాంకులో జరిగే ఇంటర్వ్యూకు ముందే దానిని లేజర్‌తో తీయించుకోవాలా అనీ మీరు అడిగారు. తొందరపడవద్దని నా సలహా. లేజర్ చికిత్స ఒక్క విడతలో ముగిసేది కాదు. విడతకూ విడతకూ మధ్య సాధారణంగా 6 నుంచి 8 వారాల విరామం ఇస్తారు, పైగా నల్ల సిరా కొంత తేలికగా పోయినా ఆకుపచ్చ, పసుపు రంగులు మొండికేస్తాయి కాబట్టి, నెల తిరిగేసరికి మీకు మిగిలేది సగం చెరిగిన అక్షరాలే. (మన అమ్మమ్మల చేతుల మీది పచ్చబొట్లకు ఇంత విచారణ జరగలేదు!) ఇంటర్వ్యూకు పొడుగు చేతుల చొక్కా చాలు, చేయి చాచినప్పుడు అది పైకి జరుగుతుందేమో ఇంట్లోనే అద్దం ముందు చూసుకోండి. నియామక పత్రం అందాక, సంతకం చేసే ముందు, పచ్చబొట్ల విషయంలో సంస్థ నియమం ఏమిటో హెచ్ఆర్ విభాగాన్ని ఈమెయిల్‌లోనే అడగండి, ఎందుకంటే నోటిమాటగా ఇచ్చిన హామీ మేనేజరు మారగానే మారిపోవచ్చు.

మీరు ప్రస్తావించిన సీఐఎస్‌ఎఫ్ (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం) ఉద్యోగం సంగతి వేరు. కేంద్ర సాయుధ బలగాల వైద్య పరీక్షలో పచ్చబొట్టు ఉన్న చోటు, పరిమాణం, అందులోని విషయం మూడింటినీ చూస్తారు. ఎడమ ముంజేతి లోపలి వైపున, ఆ భాగంలో నాలుగో వంతు కంటే తక్కువగా ఉన్న పేరుకు అనుమతి ఉంది.