చెమట పడుతున్నా వడదెబ్బే

ప్రశ్న: మా తమ్ముడికి 22 ఏళ్లు. కానిస్టేబుల్ ఉద్యోగం కోసం 1600 మీటర్ల పరుగు ప్రాక్టీస్ చేస్తున్నాడు. ఒళ్లు తగ్గుతుందని మధ్యాహ్నం నాలుగింటికే జర్కిన్ తొడుక్కుని పరిగెత్తుతాడు. మొన్న మూడో రౌండులో తూలిపోయాడట. పట్టుకోబోయిన స్నేహితుణ్ణే బూతులు తిట్టి కొట్టబోయాడట. ఒళ్లంతా చెమటలు. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదనుకుని, చెట్టు కింద కూర్చోబెట్టి కూల్‌డ్రింక్ తాగించారు. కాసేపటికి తేరుకున్నాడు. రాత్రి జ్వరం మాత్ర వేసుకున్నాడు. తెల్లారి మూత్రం డికాషన్ రంగులో వచ్చిందంటాడు. రేపటి నుంచి మళ్లీ గ్రౌండుకు పోతానంటున్నాడు. పంపవచ్చా డాక్టరమ్మా?
– ఒక అక్క, ఆదోని

జవాబు: పంపకండమ్మా. మీ ఉత్తరం చదివిన రోజే పత్రికవాళ్ల చేత మీకు ఫోన్ చేయించి, తమ్ముణ్ణి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమని చెప్పించాను. ఇది అచ్చయ్యేదాకా ఆగే సంగతి కాదు. డికాషన్ రంగు మూత్రమంటే వేడికి, శ్రమకు కండరాలు దెబ్బతిని, వాటి రంగు కిడ్నీల్లోకి దిగుతోందేమోనని భయపడాలి. కండరాల దెబ్బ తెలిపే సీపీకే, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, లివర్ పరీక్షలు చేయించాలి. లివర్ దెబ్బ ఒకటి రెండు రోజులు ఆలస్యంగా బయటపడుతుంది, కాబట్టి మొదటి రిపోర్టు బాగుందని వదిలేయకూడదు.

చెమట గురించి మీరు రాసిన మాట నన్ను పాత రోజుల్లోకి తీసుకెళ్లింది. కర్నూలులో నేను కొత్తగా క్యాజువాల్టీ డ్యూటీ చేస్తున్న రోజులవి. మే నెల మధ్యాహ్నం, క్రికెట్ ఆడుతూ పడిపోయిన పంతొమ్మిదేళ్ల పిల్లవాణ్ణి ఆటోలో తెచ్చారు. పిచ్చి మాటలు, ఒళ్లు చెమటతో తడిసి ముద్ద. చంకలో థర్మామీటర్ పెడితే 101. షుగర్ పడిపోయిందేమో, ఫిట్స్ వచ్చాయేమో అని వెతికాను. ముప్పావు గంట తర్వాత సీనియర్ వచ్చి మలద్వారంలో ఉష్ణోగ్రత చూస్తే 107. మూడో రోజు ఆ పిల్లవాడు పోయాడు. “చెమట పోస్తాండె గదమ్మా, అందుకే బెదురుకోలేదు” అంది వాళ్లమ్మ. నేనూ బెదరలేదు. అందుకే ఎక్కడ ఎవరు అడిగినా ఈ ఒక్క విషయం విడిచిపెట్టకుండా చెబుతాను.

ఒళ్లు ఎండిపోయి, చెమట ఆగిపోయే వడదెబ్బ ఎక్కువగా ముసలివాళ్లకు, ఉక్కపోసే ఇంట్లో మంచాన పడి ఉన్నవాళ్లకు వస్తుంది. పరిగెత్తేవాడికి, మూటలు మోసేవాడికి వచ్చేది వేరు. అక్కడ కండరాలే పొయ్యిలా వేడిని పుట్టిస్తాయి. చెమట ధారగా పడుతూనే ఉంటుంది, లోపల వేడి మాత్రం 40 డిగ్రీలు, అంటే 104 ఫారెన్‌హీట్, దాటిపోతుంది. గుర్తుపట్టాల్సింది మనిషి తీరులో: తూలడం, అకారణంగా కోపం, అడిగినదానికి పొంతన లేని జవాబు. “ఎన్నో రౌండురా?” అని అడగండి. చెప్పలేకపోతే వడదెబ్బ కిందే లెక్క. చంకలోని థర్మామీటర్‌ను నమ్మి ఆగవద్దు. మీ తమ్ముడు స్నేహితుడి మీద చెయ్యెత్తింది పొగరుతో కాదమ్మా, అప్పటికే మెదడుకు వేడి తగిలింది.

అలాంటప్పుడు ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి. ఒకరు 108కి ఫోన్ చేస్తుండగానే మిగతావాళ్లు బట్టలు వదులు చేసి, పశువులు నీళ్లు తాగే తొట్టిలోనైనా సరే మెడదాకా ముంచాలి. ఐస్ దొరికితే వేసి నీళ్లు కలియబెడుతూ ఉండాలి. చంకల కింద చేతులేసి ఒకరు పట్టుకునే ఉండాలి, తల మునగకూడదు. ఐసు నీళ్లలో పది పదిహేను నిమిషాలకు లోపలి వేడి చాలావరకు దిగుతుంది. తెలివి వచ్చి వణుకు మొదలైతే బయటికి తీయండి. మొదటి అరగంటలో వేడి దించగలిగితే దాదాపు అందరూ బతుకుతారు. ఆ అరగంట ఆటోలో గడిచిపోకూడదు. తెలివి సరిగా లేనివాడి నోట్లో నీళ్లు గానీ, కూల్‌డ్రింక్ గానీ పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఉల్లిపాయ రుద్దడం మా నాయనమ్మకూ నమ్మకమే, కానీ దానివల్ల లోపలి వేడి దిగదు, విలువైన నిమిషాలు పోతాయి.

జ్వరం మాత్ర కూడా పనిచేయదు. జ్వరంలో మెదడే ఒంటి వేడిని పెంచుకుంటుంది, మాత్ర దాన్ని సర్దుతుంది. వడదెబ్బలో మెదడు చల్లబడమంటున్నా ఒంటికి చేతకావడం లేదు. పైగా అప్పటికే దెబ్బతిన్న లివర్‌కు పారాసెటమాల్, కిడ్నీలకు నొప్పి మాత్రలు ఇంకా భారం.

పరీక్షలన్నీ సరిగా వచ్చాక కూడా కనీసం వారం పూర్తి విశ్రాంతి. ఆపైన డాక్టరు ఒప్పుకుంటే చల్లటి పూట నడకతో మొదలుపెట్టి, రోజుకింత పెంచుకుంటూ పోవాలి. ఒళ్లు ఎండకు అలవాటు పడటానికే పది నుంచి పద్నాలుగు రోజులు కావాలి. జర్కిన్ ఇంట్లోనే ఉంచండి, దానివల్ల తగ్గేది నీళ్ల బరువే, కొవ్వు కాదు. మన సీమలో నాలుగింటికి కూడా నేల సెగలు కక్కుతుంది. తెల్లవారుజామున పరిగెత్తమనండి. మన గాలి పొడిది కాబట్టి చెమట పట్టినట్టే తెలియకుండా ఆరిపోతుంది, చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలే మిగులుతాయి. పరుగుకు ముందూ వెనకా బరువు చూసుకుంటే కిలో తగ్గిందంటే సుమారు లీటరు నీరు పోయినట్టు. ఉప్పు వేసిన మజ్జిగ, రాగి అంబలి, ఓఆర్ఎస్ మంచివి. దాహం లేకున్నా ఉత్త నీళ్లు లీటర్లకు లీటర్లు తాగడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది. విరేచనాలు, జ్వరం ఉన్న రోజు పరుగు వద్దు. బండల మిద్దెలో రాత్రంతా ఉడికి నిద్ర లేకపోయినా అంతే, ఆ రోజుకు మానుకోమనండి.

ప్రశ్న: మా స్కూల్లో పిల్లలకు కబడ్డీ నేర్పిస్తాను. తొట్టి లేదు, ఐస్ దొరకదు. ఏం చేయాలి?
– ఒక పీఈటీ మాస్టారు, ఎమ్మిగనూరు

జవాబు: ధాన్యం మీద కప్పే టార్పాలిన్ పట్ట ఒకటి గ్రౌండులో ఉంచండి మాస్టారూ. పిల్లవాణ్ణి అందులో పడుకోబెట్టి, నలుగురు అంచులు పైకెత్తి పట్టుకుంటే అదే తొట్టి. బిందెలతో నీళ్లు పోసి ఊపుతూ ఉండండి. అదీ వీలుకాకపోతే నీడలోకి చేర్చి, ఒళ్లంతా ఆగకుండా నీళ్లు పోస్తూ అట్టముక్కలతో గట్టిగా విసరండి. మన పొడిగాలిలో ఇది బాగా పనిచేస్తుంది. ఐస్ ఒక్కటే కొరతైతే నిన్నటి రాత్రి నింపిన కుండల నీళ్లు చాలు. ట్యాంకు పైపులో మధ్యాహ్నం నీళ్లు కాగి ఉంటాయి, మొదటి బిందె పక్కన పారబోయండి.