చీకటి వేదికకు ఏ కెమెరా బాడీ?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు: ఫొటోగ్రఫీ

తక్కువ వెలుతురులో పనికొచ్చే కెమెరా బాడీ (లెన్స్ తీసేస్తే మిగిలే కెమెరా) గురించి అడుగుతూ చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలోంచి నాలుగు ప్రశ్నలు తీసుకుంటున్నాం. మొదటి జవాబు పొడవుగా ఉంటుంది. తర్వాతి జవాబులు అందులోని లెక్కల మీదే ఆధారపడ్డాయి కనుక దానిని ముందుగా చదవవలసిందిగా మనవి.

ప్రశ్న: మా అమ్మాయి కూచిపూడి నేర్చుకుంటోంది. వాళ్ల గురువుగారి కార్యక్రమాలన్నిటికీ ఫొటోలు తీసే పని నా మీద పడింది. నా దగ్గర పాత క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) డీఎస్ఎల్ఆర్, 18–55, 55–250 లెన్సులు ఉన్నాయి. ఆడిటోరియంలో ఫ్లాష్ వాడనివ్వరు. ఐఎస్ఓ 6400 పెట్టినా చేతులూ కాళ్లూ చెదిరిపోయి వస్తున్నాయి, నల్లటి చోట్ల రంగు చుక్కలు తేలుతున్నాయి. దుకాణంలో ఐఎస్ఓ రెండు లక్షల దాకా వెళ్లే బాడీ చూపించి, ఇదైతే తిరుగులేదన్నారు. తీసుకోవచ్చా? (విజయవాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఆ రెండు లక్షల అంకెను చూసి బాడీ కొనకండి. ఉదాహరణకు క్యానన్ ఆర్6 మార్క్ 2, ఆర్8 బాడీల్లో మామూలు ఐఎస్ఓ పరిధి 102400 దగ్గర ఆగుతుంది. 204800 అన్నది దాని పైన అదనంగా ఇచ్చిన మెట్టు. నికాన్ జెడ్6 2లో మామూలు పరిధి 51200 వరకే, అక్కడినుంచి 204800 దాకా ఉన్నదంతా అదనమే. ఐఎస్ఓ పెంచినంత మాత్రాన సెన్సర్ (వెలుతురును బొమ్మగా పట్టే పలక) మీద పడే వెలుతురు ఒక్క పిసరు కూడా పెరగదు. పడినదానిని హెచ్చించి చూపడమే జరుగుతుంది. మీరు చూస్తున్న చుక్కల్లో ఎక్కువ భాగానికి కారణం వెలుతురు రాకలో సహజంగా ఉండే ఎగుడుదిగుళ్లు. పడే వెలుతురు నాలుగు రెట్లయితే ఆ ఎగుడుదిగుళ్లు బొమ్మతో పోలిస్తే సగానికి తగ్గుతాయి. కనుక అడగవలసిన ప్రశ్న, సెన్సర్‌కు ఎంత వెలుతురు అందించగలం అన్నది.

మీ వేదికనే లెక్కకు తీసుకుందాం. జతులు పలుకుతున్నప్పుడు పాదాలు చెదరకుండా రావాలంటే షట్టర్ స్పీడ్ కనీసం 1/250 సెకను ఉండాలి, వేగం పెరిగితే 1/500 కావాలి. అభినయానికి 1/125 సరిపోతుంది. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు లోపలికి వదులుతుంది. ఎఫ్/2.8 దగ్గర 1/250కి ఐఎస్ఓ 3200 అడిగే వేదిక మీద, 55–250ను ముందుకు జరిపి ఎఫ్/5.6కి చేరితే అదే 1/250కి 12800 కావాలి. మీరు 6400 దగ్గర ఆగారు గనుక కెమెరా 1/125కి దిగిపోయింది, అందుకే కాళ్లు చెదిరాయి. అదే వేదిక మీద ఎఫ్/1.8 లెన్స్ ఉంటే సుమారు 1300 చాలు.

ఇప్పుడు బాడీ సంగతి. మీ లెన్సుల అంకెలను బట్టి మీది క్యానన్ అనుకుంటున్నాను. క్యానన్ క్రాప్ సెన్సర్ సుమారు 22.3 × 14.9 మిల్లీమీటర్లు, ఫుల్ ఫ్రేమ్ 36 × 24. వైశాల్యంలో తేడా 2.6 రెట్లు. తరం తేడాలను పక్కన పెడితే, ఫుల్ ఫ్రేమ్ మీద ఐఎస్ఓ 12800 బొమ్మ మీ పాత కెమెరాలో సుమారు 5000 బొమ్మలా ఉంటుందన్నమాట. అంటే కొత్త బాడీ కొని దానికి ఎఫ్/5.6 జూమ్ తగిలించిన మనిషి కంటే, పాత బాడీకి 85 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్స్ తగిలించి 1300 దగ్గర తీసిన మనిషి ఫొటోయే శుభ్రంగా వస్తుంది. ఈ మాట కెమెరాలు అమ్మేవారికి అంతగా రుచించదు. పైగా మీ 18–55, 55–250 లెన్సులు క్రాప్ సెన్సర్ కోసం చేసినవి. అడాప్టర్‌తో ఆర్8కి తగిలిస్తే బాడీ తనంతట తానే మధ్య భాగాన్ని మాత్రం కత్తిరించుకుంటుంది. 24 మెగాపిక్సెల్ బాడీలో మీకు దక్కేది తొమ్మిదిన్నరకు లోపు. ఫుల్ ఫ్రేమ్‌కు పెట్టిన డబ్బు అక్కడే వృథా అవుతుంది.

అందువల్ల ముందు ఈఎఫ్ 85 ఎఫ్/1.8 తీసుకోండి. మీ బాడీ మీద అది 136 మిల్లీమీటర్ల లెన్సులా చూపిస్తుంది. ముందు వరుసల్లో కూర్చుంటే ఒక నర్తకి నిలువెత్తుకు సరిపోతుంది. దానికీ ఒక చిక్కు ఉంది: 8 మీటర్ల దూరంలో ఎఫ్/1.8 దగ్గర స్పష్టంగా వచ్చే లోతు సుమారు 60 సెంటీమీటర్లే. ముందుకు చాచిన చేతి మీద ఫోకస్ పడితే ముఖం మెత్తబడుతుంది.

కొత్త బాడీ నిజంగా ఉపయోగపడేది ఈ ఫోకస్ దగ్గరే. మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) బాడీలు కంటిని గుర్తించి ఫోకస్ నిలుపుతాయి. కాటుక దిద్దిన పెద్ద కన్ను వాటికి బాగా చిక్కుతుంది, ముఖానికి అడ్డంగా హస్తం వచ్చినప్పుడు ఒక్కోసారి తడబడినా వెంటనే తిరిగి పట్టుకుంటాయి. పాత డీఎస్ఎల్ఆర్‌లలో చీకట్లో నమ్మదగింది చాలావరకు మధ్య పాయింటు ఒక్కటే. చీకట్లో ఎంతవరకు ఫోకస్ చేయగలదో కంపెనీలు ఈవీ (వెలుతురు కొలత) అంకెతో చెబుతాయి, అంకె ఎంత కిందికి పోతే అంత మంచిది. అయితే ఆ అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఆర్8కి మైనస్ 6.5 అని క్యానన్ చెప్పింది ఎఫ్/1.2 లెన్స్ తగిలించినప్పటి మాట; జెడ్6 2కి మైనస్ 4.5 అని నికాన్ చెప్పింది ఎఫ్/2 లెన్స్‌తో. ఎఫ్/1.2కీ ఎఫ్/2కీ మధ్య వెలుతురులో దాదాపు ఒకటిన్నర స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం కావడం) తేడా ఉంది కనుక, ఒకే లెక్కకు తెస్తే రెండింటికీ మిగిలే తేడా సుమారు అర స్టాప్ మాత్రమే.

ఇక నా ఎంపిక. మీరు క్యానన్‌లోనే ఉంటే 2023లో వచ్చిన ఆర్8 చాలు. అందులోది ఆర్6 మార్క్ 2లో ఉన్న 24 మెగాపిక్సెల్ సెన్సరే. బ్యాటరీ, కార్డుతో కలిపి అర కిలో కూడా తూగదు, మీ 85 లెన్స్ అడాప్టర్‌తో పూర్తి ఫ్రేమ్‌కు పనిచేస్తుంది. అందులో సెన్సర్‌ను కదిపి చేతి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ లేదని కొందరు పెదవి విరుస్తారు. మీ పనికి ఆ లోటు లోటు కాదు, ఎందుకంటే ఆ ఏర్పాటు మీ చేతి వణుకును ఆపుతుంది గాని నర్తకి పాదాన్ని ఆపదు. దానికి కార్డు స్లాటు ఒక్కటే ఉందన్నది మాత్రం గుర్తుంచుకోవలసిన విషయం. అరంగేట్రం లాంటి మళ్లీ రాని కార్యక్రమాలకు డబ్బు తీసుకుని వెళ్లేవారికి నేను దానిని సూచించను.

ఒక్క మాట వేదిక దీపాల గురించి. ఇప్పుడు చాలా వేదికల మీద ఎల్ఈడీ దీపాలు ముఖం నిండా ఎర్రటి రంగు పోస్తున్నాయి. మొత్తం వెలుతురును కొలిచి కెమెరా బాగుందంటుంది, కానీ ఎరుపు ఒక్కటే సెన్సర్ పట్టగలిగే హద్దును దాటి, చెంపా ముక్కూ కలిసిపోయి ముద్దలా తేలుతాయి. పాపిటబిళ్ల రాళ్ల మెరుపూ, నుదుటి మీది బొట్టు అంచూ కూడా అందులో మాయమవుతాయి. రంగుల హిస్టోగ్రామ్ (ఏ రంగు వెలుతురు ఎంత పడిందో చూపే గ్రాఫ్) పెట్టుకుని, ఎరుపు గీత కుడి గోడను తగులుతుంటే ఒక స్టాప్ తగ్గించి, కెమెరా మార్పులేవీ చేయని రా ఫైల్‌లో తీయండి. నీడలను తర్వాత పైకి లాగవచ్చు, పోయిన ఎరుపును తేవడం ఏ బాడీకీ చేతకాదు.

ప్రశ్న: పాత గుళ్ల శిల్పాలు, చిత్రాలు తీయడం నాకు ఇష్టం. లేపాక్షిలో నాట్యమండపం పైకప్పు చిత్రాలు సరిగా రాలేదు, ట్రైపాడ్ పెట్టనివ్వలేదు. చీకట్లో బాగా తీసే బాడీ అని అందరూ ఆర్8 చెబుతున్నారు. (హిందూపురం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: పై జవాబులో ఆర్8ని మెచ్చుకున్నవాడినే అయినా మీకు వద్దంటాను. శిల్పం కదలదు. కనుక మీకు కావలసింది వేగం కాదు, ఎక్కువసేపు తెరిచి ఉంచినా వణకని బాడీ. ఆర్8లో ఆ స్టెబిలైజేషన్ లేదు. 24 మిల్లీమీటర్ల లెన్స్‌తో చేత్తో పట్టుకుని తీయడానికి మామూలుగా 1/30 కావాలి. అయిదు స్టాపుల స్టెబిలైజేషన్ ఉందని కంపెనీ చెబితే కాగితం మీద అది ఒక సెకను దాకా వస్తుంది. అలవాటైన చేతికి 1/4, 1/8 అయితే భరోసాగా వస్తాయి. 1/125కి 12800 అడిగే చీకటి మూల 1/8కి 800 చాలంటుంది. ఇదంతా లెన్స్ మార్చకుండా, దాదాపు ఏ ఖర్చూ లేకుండా దొరికిన నాలుగు స్టాపులు.

ఈ పనికి 2020లో వచ్చిన నికాన్ జెడ్5, స్టెబిలైజేషన్ ఉంది కనుక, బాగా సరిపోతుంది. దాని సెన్సర్ సరికొత్తది కాదు, వరుసగా తీసే వేగం సెకనుకు నాలుగున్నర ఫొటోలే, చీకట్లో ఫోకస్ జెడ్6 2 అంత చురుకైనది కాదు. శిల్పాల దగ్గర ఈ మూడింటిలో ఏదీ అడ్డు రాదు. స్తంభాల మధ్య నుంచి బయటి ఎండ కనబడే మండపాల్లో తక్కువ ఐఎస్ఓ దగ్గర నీడలను ఎంత శుభ్రంగా లాగగలమన్నదే ముఖ్యం. 2024లో వచ్చిన జెడ్6 3 వేగంలో జెడ్6 2ను మించిపోయినా, ఈ ఒక్క విషయంలో దానికంటే కాస్త వెనకబడుతుంది.

ఇంతకీ పైకప్పు చిత్రాలకు మీరు బాడీ మార్చనక్కర లేదు. మడిచిన తుండు గుడ్డ నేల మీద పరిచి, కెమెరాను వెల్లకిలా పడుకోబెట్టి, లెన్స్ నిట్టనిలువుగా పైకి చూసేలా సర్ది, రెండు సెకన్ల టైమర్ పెట్టి, ఐఎస్ఓ 100 దగ్గర ఎన్ని సెకన్లు కావాలంటే అన్ని సెకన్లు ఇవ్వండి. కాపలా ఉన్నవారిని ముందుగా అడిగి, దారికి అడ్డం లేని చోట పెట్టుకుంటే సరి.

పాత బాడీ కొంటున్నట్టయితే దుకాణంలోనే ఒక పరీక్ష చేయండి. లెన్స్ మూత బిగించి, ఎక్కువసేపు తెరిచినప్పుడు నాయిస్ (రంగు చుక్కలు) తగ్గించే సదుపాయాన్ని ఆపివేసి, ఐఎస్ఓ 1600 దగ్గర 30 సెకన్లు తీసి, తెర మీద పెద్దది చేసి చూడండి. అక్కడక్కడ ఎరుపు, నీలం చుక్కలు కొద్దిగా ఉండటం మామూలే. నక్షత్రాల్లా గుమిగూడి ఉన్నా, ఒక అంచు పొడవునా ఊదా రంగు కాంతి పాకినా ఆ బాడీని పక్కన పెట్టడం మంచిది.

ప్రశ్న: పెళ్లిళ్లు తీస్తాను. మెగాపిక్సెల్స్ తక్కువ ఉంటేనే చీకట్లో బాగా వస్తుందంటారు. 12 మెగాపిక్సెల్ బాడీకి మారాలా? (కరీంనగర్ నుంచి ఒక ఫొటోగ్రాఫర్)

జవాబు: వద్దు. సోనీ ఎ7ఎస్ 3 లాంటి 12 మెగాపిక్సెల్ బాడీలు ప్రధానంగా వీడియో కోసం చేసినవి. సెన్సర్ వైశాల్యం ఒకటే అయినప్పుడు, బొమ్మలను ఒకే సైజుకు తెచ్చి చూస్తే నాయిస్‌లో తేడా మీ గిరాకీ కనిపెట్టగలిగేంత ఉండదు. మరీ పై ఐఎస్ఓల దగ్గర మాత్రం పెద్ద పిక్సెల్స్‌కు కొంత మొగ్గు ఉంటుంది. మీరు ఇచ్చే కరిజ్మా ఆల్బమ్ తెరిచిన పేజీ 12 × 36 అంగుళాలు. 24 మెగాపిక్సెల్ ఫొటోను ఆ 36 అంగుళాలూ పరిస్తే అంగుళానికి 167 పిక్సెల్స్ వస్తాయి, 12 మెగాపిక్సెల్ అయితే 120 కూడా రావు. 24 నుంచి 33 మధ్య ఉన్నదేదైనా మీకు తగినదే.

ప్రశ్న: సైలెంట్ షట్టర్‌తో తీస్తే కల్యాణ మండపంలో ఫొటోల మీద అడ్డంగా చారలు పడుతున్నాయి. బాడీ పాడైందా? (రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: బాడీకి ఏమీ కాలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కావడం వల్ల చవక ఎల్ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు ఎక్కువ తక్కువలవుతాయి. సైలెంట్ షట్టర్‌లో సెన్సర్‌ను పైనుంచి కిందికి వరుస తర్వాత వరుసగా చదువుతారు. ఆ చదవడానికి మీ బాడీ 1/20 సెకను తీసుకుంటే, ఆ లోపల దీపం అయిదుసార్లు హెచ్చి తగ్గుతుంది. ఫొటోలో అయిదు చారలు. షట్టర్ స్పీడ్‌ను 1/100 లేదా 1/50కి మార్చితే ప్రతి వరుసకూ పూర్తి ఆవృత్తులు అందుతాయి కనుక చారలు పోతాయి. అంతకంటే వేగం కావాలంటే మెకానికల్ షట్టర్‌కు మారి, బాడీలో యాంటీ ఫ్లికర్ (దీపం హెచ్చుతగ్గులను చూసుకుని షట్టర్ వేసే సదుపాయం) ఉంటే దానిని ఆన్ చేయండి. జీలకర్ర బెల్లం పెట్టే వేళకు గట్టిమేళం మోగుతూ ఉంటుంది, మీ షట్టర్ చప్పుడు ఎవరికి వినపడుతుంది?

వేదిక వెనక పెట్టే ఎల్ఈడీ తెరల సంగతి వేరు. అవి ఇంకా ఎంతో వేగంగా మినుకుమంటాయి, వాటికి 1/100 మంత్రం పారకపోవచ్చు. సోనీ ఎ7 4, క్యానన్ ఆర్6 మార్క్ 2 వంటి బాడీల్లో షట్టర్ స్పీడ్‌ను చాలా చిన్న మెట్లలో మార్చుకునే వీలుంది. తెరను చూస్తూ చారలు ఆగేదాకా తిప్పుకోవాలి. గ్లోబల్ షట్టర్ ఉన్న సోనీ ఎ9 3 మొత్తం సెన్సర్‌ను ఒకేసారి చదువుతుంది కనుక వరుసలవారీగా చదవడం వల్ల పడే చారలు రావు. కానీ దాని ఐఎస్ఓ 250 దగ్గర మొదలవుతుంది, చీకట్లో నాయిస్ మామూలు బాడీలకంటే తక్కువేమీ కాదు. చారల కోసం అంత ఖరీదు పెట్టమని పెళ్లి ఫొటోగ్రాఫర్‌కు చెప్పలేను. ముందురోజు సంగీత్‌కు అదే తెర వాడుతుంటే, ఆ రాత్రే నాలుగైదు స్పీడ్‌లు ప్రయత్నించి సరిపోయినదానిని రాసి పెట్టుకోండి.