మిస్టింగ్‌కు పంపు, ప్రెషర్ ట్యాంకు ఎట్లా ఎంచుకోవాలి?

హనుమకొండలో డాబా మీద మట్టి లేకుండా, మొక్క వేళ్లకు తుంపర కొట్టి పాలకూర పెంచాలి, ఇంటి అర హెచ్‌పీ మోటారు చాలదా అని అడిగారు. చాలదండి. దాని హెడ్ (నీళ్లను ఎక్కించగల ఎత్తు) 30 మీటర్లయితే వచ్చే ప్రెషర్ సుమారు 43 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత). సన్నటి మంచులాంటి తుంపరకు 80–100 ఉండాలి. డయాఫ్రమ్ పంపు (లోపలి రబ్బరు పొర కదిలి నీళ్లను నెట్టేది) తీసుకోండి.

ప్రెషర్ ట్యాంకు (లోపలి గాలి ఒత్తిడితో నీళ్లను నెట్టేది) మాత్రం వదలొద్దు. అది లేకుంటే ఐదు సెకన్ల తుంపరకూ పంపు కొత్తగా మొదలవ్వాలి, ప్రెషర్ అందేదాకా నాజిల్ నుంచి బొట్లే కారుతయి. 24 లీటర్ల ట్యాంకులో, నీళ్లు లేనప్పుడు గాలి 78 పీఎస్‌ఐ నింపి, పంపును ఆన్, ఆఫ్ చేసే ప్రెషర్ స్విచ్ 80–100 మధ్య పెడితే వాడుకొనేది 4 లీటర్లే. అందుకే చిన్నది కొనకండి. 10 బార్ (సుమారు 145 పీఎస్‌ఐ) తట్టుకునేదే అడగండి. సోలనాయిడ్ వాల్వ్ (కరెంటుతో తెరుచుకొని మూసుకునేది) నాజిళ్ల పక్కనే బిగించండి.

మన దగ్గర చాలా బోర్ల నీళ్లలో సున్నం ఎక్కువ. ఆరిన నాజిల్‌ను గోటితో గీకితే తెల్లపొడి రాలుతుంది. వాననీళ్లు పట్టి వాడితే నాజిళ్లు బతుకుతయి.