టెక్ సందేహాలు: మీ సిమ్ మీ దగ్గరే ఉండాలి

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. ఆరు నెలలు ఉంటాం. మా సిమ్‌లు రెండూ ఇక్కడ మా తమ్ముడి ఫోన్‌లో వేసి, ఓటీపీ మెసేజ్‌లు మాకు ఫార్వర్డ్ చేసే యాప్ పెడదామనుకుంటున్నాం. మంచి యాప్ ఏదైనా చెప్పండి. (ఖమ్మం నుంచి విశ్రాంత ఉపాధ్యాయుడు)

జవాబు: ఏ యాప్ పేరూ చెప్పను. సెలవులు వస్తున్నాయంటే చాలు, ఇదే ప్రశ్న మాటలు మారి మళ్లీ మళ్లీ వస్తోంది. అడిగేవాళ్లంతా చదువుకున్నవాళ్లే, బ్యాంకులో జీవితకాలపు పొదుపు ఉన్నవాళ్లే. అందుకే గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

ఓటీపీలు ఫార్వర్డ్ చేసే యాప్ పనిచేయాలంటే ఫోన్‌కు వచ్చే ప్రతి మెసేజ్‌నూ చదివే అనుమతి దానికి ఇవ్వాలి. అది చదివినదాన్ని ఏదో ఒక సర్వర్‌కో, ఈమెయిల్‌కో పంపుతుంది. ట్రాఫిక్ చలాన్ అనీ, పెళ్లి పత్రిక అనీ వాట్సాప్‌లో తిరిగే నకిలీ ఏపీకే ఫైళ్లు (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించేవి) అడిగేదీ సరిగ్గా ఈ అనుమతే. దొంగ మోసం చేసి పెట్టించాలని చూసేదాన్ని మీరే చేజేతులా పెట్టుకున్నట్టు అవుతుంది. పైగా ఆ ఫోన్ మీ చేతిలో ఉండదు. మీ తమ్ముడు నమ్మకస్తుడే కావచ్చు. కానీ ఆయన ఫోన్‌లో పిల్లలు ఏ గేమ్ ఎక్కించారో, దానికి స్క్రీన్ లాక్ ఉందో లేదో మీకెలా తెలుస్తుంది? ఫోన్ చేసి ఓటీపీ చదివించుకోవడం కూడా ఇంతే. ఖాతాదారుల బాధ్యత మీద రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఓటీపీ, పిన్ లాంటివి ఇతరులకు చెప్పడం వల్ల డబ్బు పోతే, మీరు బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టమంతా మీదే.

సిమ్ మీతోనే రావాలి. అందుకు చేయాల్సిన పనులన్నీ ప్రయాణానికి రెండు వారాల ముందే పూర్తిచేయండి. మొదట వ్యాలిడిటీ చూసుకోండి. అమెరికాలో మీకు మన ఆపరేటర్ డేటాతో పనిలేదు కాబట్టి రోజుకు రెండు జీబీల ప్యాక్ వేయించడం వృథా. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధనలు సవరించి, డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్ మాత్రమే ఇచ్చే ప్లాన్లు ఉండాలంది, వాటి గడువు 365 రోజుల దాకా ఉండవచ్చంది. మీ ఆపరేటర్ యాప్‌లో అవి అడుగున ఎక్కడో ఉంటాయి, ఓపిగ్గా వెతకండి. తర్వాత అంతర్జాతీయ రోమింగ్‌ను ఇక్కడున్నప్పుడే ఆన్ చేయించండి. కొన్ని ప్లాన్లలో దీనికి రోమింగ్ ప్యాక్ తప్పనిసరి, కాబట్టి కస్టమర్ కేర్‌ను ముందే అడగండి. రోమింగ్‌లో వచ్చే ఎస్సెమ్మెస్‌కు సాధారణంగా చార్జీ ఉండదు. వచ్చే కాల్ ఎత్తితే మాత్రం పడుతుంది. డేటా రోమింగ్ ఆఫ్‌లోనే ఉంచండి. మెయిన్ బ్యాలెన్స్‌లో ఓ రెండు వందలు ఉంచుకోండి. యూపీఐ యాప్ మళ్లీ నంబరు ధ్రువీకరించమంటే మీ ఫోన్ నుంచి ఎస్సెమ్మెస్ పోవాలి. రోమింగ్‌లో దానికి డబ్బు కట్ అవుతుంది, బ్యాలెన్స్ సున్నా ఉంటే అక్కడే ఆగిపోతుంది.

ఇంకో హెచ్చరిక. చివరి వారంలో సిమ్ మార్పించడం, మామూలు సిమ్‌ను ఈసిమ్‌గా (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే డిజిటల్ సిమ్‌గా) మార్చుకోవడం పెట్టుకోకండి. మార్చిన తర్వాత 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆగుతాయి. మోసాలను అడ్డుకోవడానికి టెలికాం శాఖ పెట్టిన నిబంధన ఇది. విమానం ఎక్కే రోజు మార్పిస్తే, అక్కడ దిగాక కార్డు వాడబోతే ఓటీపీ రాకపోవచ్చు.

దిగిన తర్వాత పావుగంటలో సిమ్‌కు సిగ్నల్ రాకపోతే నెట్‌వర్క్ ఎంపికలో ఆటోమేటిక్ తీసేసి, కనిపించే ఆపరేటర్లను ఒక్కొక్కటిగా ప్రయత్నించండి. మొదటి రోజే బ్యాంకు సైట్‌లో ఒక ఓటీపీ తెప్పించి చూసుకోండి.

సిమ్‌కు పిన్ లాక్ కూడా పెట్టుకోండి. ఫోన్ పోతే దొంగ చేసే మొదటి పని అందులోని సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేయడం. మీ స్క్రీన్ లాక్ ఎంత గట్టిదైనా అప్పుడు అడ్డురాదు. సిమ్ పిన్ ఒక్కటే అడ్డు. అయితే పాత డీఫాల్ట్ పిన్ ఎంతో ఆపరేటర్‌ను అడిగి తెలుసుకోండి, ఊహించి కొట్టకండి. మూడుసార్లు తప్పితే సిమ్ లాకయి, ఆ లాక్ తీసే పీయూకే కోడ్ అడుగుతుంది. అది పదిసార్లు తప్పితే ఆ సిమ్ ఇక పనికిరాదు, కొత్తది మన దేశంలోనే తీసుకోవాలి. లాక్ స్క్రీన్ మీద మెసేజ్ లోపలి విషయం కనిపించకుండా సెట్టింగ్ మార్చండి. ఓటీపీ రాకపోయినా లాగిన్ కావడానికి జీమెయిల్ ఖాతాకు బ్యాకప్ కోడ్‌లు పది ఇస్తారు, కాగితం మీద రాసుకుని పాస్‌పోర్టుతో కాకుండా వేరే సంచిలో పెట్టుకోండి. సైబర్ మోసాల ఫిర్యాదుకు ఉన్న 1930 లాంటి పొట్టి నంబర్లు విదేశం నుంచి కలుస్తాయని నమ్ముకోవద్దు. కార్డు బ్లాక్ చేయించడానికి ప్లస్ 91తో మొదలయ్యే బ్యాంకు పూర్తి నంబరు అదే కాగితం మీద ఉండాలి.

ప్రశ్న: మా నాన్నగారి బ్యాంకు నంబరు కీప్యాడ్ ఫోన్‌లో ఉంది. అమెరికాలో అది పనిచేస్తుందా?

జవాబు: దాదాపు పనిచేయదు. ఆ ఫోన్లలో చాలావరకు 900, 1800 మెగాహెర్ట్జ్ 2జీ మీదే నడుస్తాయి. ఆ బ్యాండ్లు అమెరికాలో వాడరు. అక్కడి పెద్ద ఆపరేటర్లు 3జీని కూడా 2022లోనే మూసేశారు. సిమ్‌ను 4జీ స్మార్ట్‌ఫోన్‌లోకి మార్చి, ఇక్కడే వారం రోజులు వాడించండి. కొనేముందు ఆ ఫోన్‌లో 2, 4, 12, 66 ఎల్‌టీఈ (4జీ) బ్యాండ్లు ఉన్నాయో లేదో చూడండి. మన మార్కెట్‌కు చేసిన చవక ఫోన్లలో ఇవి తరచూ ఉండవు. అప్పుడు ఊళ్లో సిగ్నల్ వచ్చినా ఇంట్లో రాదు.

ప్రశ్న: ట్రావెల్ ఈసిమ్ కొన్నాను. ఎప్పుడు ఇన్‌స్టాల్ చేయాలి? ఒకసారి డిలీట్ చేస్తే మళ్లీ స్కాన్ చేయొచ్చా?

జవాబు: చాలా ఈసిమ్‌ల క్యూఆర్ కోడ్ ఒక్కసారికే పనిచేస్తుంది. డిలీట్ చేస్తే డబ్బు పోయినట్టే అనుకోండి. బయల్దేరడానికి ఒకటి రెండు రోజుల ముందు ఇంటి వైఫై మీద ఇన్‌స్టాల్ చేసి, ఆ లైన్ ఆఫ్‌లో ఉంచండి. *#06# కొడితే ఈఐడీ అనే ఈసిమ్ గుర్తింపు నంబరు కనిపించాలి, లేకపోతే మీ ఫోన్‌లో ఈసిమ్ లేనట్టే. గడువు ఎప్పుడు మొదలవుతుందో షరతుల్లో చదవండి. కొన్ని ఇన్‌స్టాల్ చేసిన క్షణం నుంచే లెక్కిస్తాయి. కొన్ని మొదటి నెట్‌వర్క్ దొరికినప్పటి నుంచి. మీ ప్లాన్‌లో దుబాయ్, దోహా కూడా ఉంటే అక్కడ విమానం మారేటప్పుడే రోజులు మొదలవుతాయి.

రెండు లైన్లూ ఉన్నప్పుడు డేటాకు ఈసిమ్‌ను ఎంచుకుని, అవసరమైతే డేటాను రెండో సిమ్‌కు మార్చే సెట్టింగ్‌ను తప్పకుండా ఆఫ్ చేయండి. మన సిమ్‌కు వేలల్లో బిల్లు రావడానికి ఇదో ముఖ్య కారణం. వాట్సాప్ నంబరు మారుస్తావా అని అడిగితే వద్దనండి. పాత నంబరు మీదే నడుస్తుంది.

ప్రశ్న: సింగపూర్‌లో దిగగానే నా బ్యాంకు యాప్ మళ్లీ రిజిస్టర్ చేయమంటోంది. ఎందుకిలా?

జవాబు: సిమ్ స్లాట్ మార్చారో, యాప్ అప్‌డేట్ అయిందో, వీపీఎన్ (మీరు ఎక్కడి నుంచి నెట్ వాడుతున్నారో దాచే యాప్) ఆన్‌లో ఉందో చూడండి. మూడూ కారణాలే. కానీ అసలు తప్పు మీది కాదు. కస్టమర్ విదేశం వెళ్తాడన్న ఆలోచనే లేకుండా ఈ యాప్‌లు తయారుచేస్తున్నారు. చిన్న మార్పు జరిగితే చాలు, మళ్లీ ఎస్సెమ్మెస్ పంపమంటాయి. అది పోకపోతే ఎందుకు పోలేదో చెప్పకుండా ‘తర్వాత ప్రయత్నించండి’ అంటాయి. కార్డుకు విదేశీ లావాదేవీలు ఆన్ చేసే బటన్ నాలుగు మెనూల లోపల దాక్కుంటుంది. ఎస్సెమ్మెస్ ఒక్కదాని మీదే ఆధారపడకుండా వేరే ధ్రువీకరణ పద్ధతులూ వాడవచ్చని రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులోనే మార్గదర్శకాలు ఇచ్చింది. యాప్‌లోనే ఆమోదించే పద్ధతిని ప్రతి బ్యాంకూ తెస్తే ఈ పేజీలో సగం ప్రశ్నలు రావు. బ్రాంచిలో అడగండి, రాతపూర్వకంగా అడగండి. ఫోన్ సిస్టమ్ అప్‌డేట్ కూడా ప్రయాణానికి పది రోజుల ముందు చేసి, తిరిగొచ్చేదాకా ఆటో అప్‌డేట్ ఆపేయండి.

ప్రశ్న: 30,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు, మిక్సీ రెండూ తీసుకెళ్లొచ్చా?

జవాబు: పవర్ బ్యాంకు చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. అనుమతి అక్కర్లేని హద్దు 100 వాట్ అవర్లు (బ్యాటరీలో పట్టే విద్యుత్తు కొలత). ఎంఏహెచ్‌ను 3.7తో గుణించి వెయ్యితో భాగించండి: 20,000 అయితే 74, మీ 30,000 అయితే 111. 160 దాకా విమాన సంస్థ ముందే ఒప్పుకోవాలి. ఎమిరేట్స్ అయితే 2025 అక్టోబరు 1 నుంచి ఒకరికి ఒక్కటే, అదీ 100 లోపే, విమానంలో వాడకూడదు, తలపై అరలో పెట్టకూడదు. కాబట్టి 20,000ది చాలు. దాని మీద అచ్చు చెరిగిపోకుండా చూసుకోండి, సామర్థ్యం చదవలేకపోతే సెక్యూరిటీ వాళ్లు తీసేస్తారు. గేటు దగ్గర చేతి సంచిని లగేజీలోకి పంపమంటే ముందు అది బయటికి తీయండి.

మిక్సీ వద్దు. మనది 230 వోల్టులు, అమెరికాలో 120. అక్కడి ప్లగ్‌లో పెడితే మోటారు సగం వేగంతో తిరిగి, మినపపిండి పడగానే ఆగిపోయి వేడెక్కుతుంది. 750 వాట్ల మిక్సీకి కనీసం 1500 వాట్ల స్టెప్-అప్ (వోల్టేజీ పెంచే) ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, దాని బరువే కిలోల్లో ఉంటుంది. మన పద్ధతి మిక్సీలే 110 వోల్టులవి అక్కడ దొరుకుతాయి. ఫోన్, ల్యాప్‌టాప్ చార్జర్ల మీద ఇన్‌పుట్ 100-240 అని ఉంటే అవి నిశ్చింతగా తీసుకెళ్లండి. బల్లపరుపు పిన్నుల ప్లగ్ ఒకటి ఉంటే సరిపోతుంది.