నచ్చిన పుస్తకాల గురించి మిత్రులను ఎలా అడగాలి?

మిత్రులను పుస్తకాలు చెప్పమని అడిగినప్పుడల్లా అందరూ ఎరిగిన ఆ గొప్ప పేర్లే వస్తున్నాయని, తెచ్చుకున్నవి సగంలోనే ఆగిపోతున్నాయని మీరు రాశారు. చాలా ఏళ్లు నా అనుభవమూ ఇదే. లోపం మిత్రుల్లో లేదని, నేను అడిగే మాటలోనే ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది.

"మంచి పుస్తకం ఏదైనా చెప్పు" అన్నప్పుడు ఎదుటివారు తమకు నచ్చినదాన్ని గుర్తుచేసుకోరు, మంచిదని లోకం ఒప్పుకున్నదాన్ని గుర్తుచేసుకుంటారు. తాము చెప్పే పేరును బట్టి తమ అభిరుచిని అంచనా వేస్తారేమో అన్న జంకు కూడా కొందరిలో ఉంటుంది. ఒకసారి నేను అయిదుగురు మిత్రులను ఈ మాటే అడిగి, వచ్చిన పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. ఆ తరువాత ఒక్కొక్కరితో తీరికగా మాట్లాడితే, వాటిలో సగం పుస్తకాలను ఆ చెప్పినవారే పూర్తిగా చదవలేదని తేలింది. ఇందులో వారిని తప్పుపట్టడానికేమీ లేదు. నేను మంచి పుస్తకం అడిగాను, వారు మంచి పుస్తకం పేరే చెప్పారు.

అప్పటి నుంచి ప్రశ్న మార్చాను. "ఈ మధ్య ఏకబిగిన చదివిన పుస్తకం ఏది?" అని గాని, "రెండోసారి చదవాలనిపించి చదివిన పుస్తకం ఏది?" అని గాని అడుగుతున్నాను. ఈ రెండో ప్రశ్నకు వచ్చే జవాబు చాలా విలువైనది, ఎందుకంటే ఎవరి మెప్పు కోసమూ ఎవరూ ఒక పుస్తకాన్ని మళ్లీ చదవరు. ఒక స్నేహితురాలిని ఇలా అడిగినప్పుడు ఆమె పేరు చెప్పకుండా లేచి వెళ్లి, అరలోంచి ఒక నవల తీసుకొచ్చి బల్ల మీద పెట్టింది. ఆమె చేయి తీయగానే ఆ పుస్తకం తనంతట తానే ఒకచోట తెరుచుకుంది. ఎన్నోసార్లు అక్కడే విప్పి చదవడం వల్ల ఆ చోట కుట్టు వదులైపోయింది. ఆ పేజీలో పెద్ద సంఘటనేమీ లేదు. చదువురాని ఒక ముసలాయన, కొడుకు రాసిన ఉత్తరం మడత విప్పి, అక్షరాలను వేలితో తడుముతూ కూర్చుంటాడు. ఆ ఒక్క పేజీ అక్కడే చదివాను. ఆ నవల నాకు కావాలో వద్దో తేల్చుకోవడానికి ఇక ఎవరి మాటా అవసరం లేకపోయింది.

పేరు తెలిసాక అడగవలసిన మాట మరొకటి ఉంది. ఆ పుస్తకంలో వారిని పట్టి ఉంచినది ఏమిటి? అమెరికాకు చెందిన గ్రంథపాలకురాలు నాన్సీ పెర్ల్, పాఠకుడు పుస్తకంలోకి అడుగుపెట్టే ద్వారాలు నాలుగని చెబుతారు: కథ, పాత్రలు, కథ జరిగే లోకం, భాష. ఈ మాట తెలియక ముందు నాకొక చిక్కు ఉండేది. నా ఆప్తమిత్రుడొకరు ఎంతో ఇష్టంగా ఇచ్చిన నవలలు మూడింటిని వరుసగా వదిలేశాను. తరువాత ఏం జరుగుతుందన్న ఉత్కంఠ కోసం ఆయన చదువుతారు, వాక్యం నడిచే తీరు కోసం నేను చదువుతాను. ఆ సంగతి ఇద్దరికీ తెలిసిన నాటి నుంచి ఆయన నాకు పుస్తకం ఇచ్చే ముందు, "ఇందులో కథ పరుగెడుతుంది గాని, భాష నీకు నచ్చకపోవచ్చు" అని ముందే చెబుతున్నారు.

మీ గురించి కూడా కొంత చెప్పండి. గ్రంథాలయాల్లో పాఠకులకు పుస్తకాలు సూచించే పనిలో అనుభవం ఉన్నవారు, మీకు నచ్చిన ఒక పుస్తకం గురించి చెప్పండి అని మాట మొదలుపెడతారు. మిత్రుల దగ్గర నేను దానికి ఇంకొకటి కలుపుతాను: సగంలో వదిలేసిన పుస్తకం ఏదో, ఎందుకు వదిలేశానో కూడా చెబుతాను. నా అనుభవంలో వారికి ఎక్కువ ఉపయోగపడింది ఆ రెండో సంగతే.

ఇక మొహమాటం సంగతి. మిత్రుడు ప్రేమగా ఇచ్చిన పుస్తకం నచ్చకపోతే ఏం చేయాలి? ఒకసారి ఇలాగే ఒకరికి ఎదురుపడటానికి ఇబ్బందిపడి నెలల తరబడి తప్పించుకు తిరిగాను, అది ఇద్దరికీ నష్టమే చేసింది. మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో వెలువరించిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో రెండోది ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం అంటుంది, మూడోది ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు అంటుంది. ఆ పుస్తకానికి పాఠకుడు నా మిత్రుడు, నేను కాను. ఇందులో ఎవరికీ అవమానం లేదు. ఎంతవరకు చదివి వదలాలన్నదానికి నాన్సీ పెర్ల్ చెప్పిన లెక్కనే నేను పాటిస్తున్నాను: 50 ఏళ్లలోపు వారు 50 పేజీలు చదివి చూడాలి, ఆ వయసు దాటినవారు 100లోంచి తమ వయసును తీసివేయగా మిగిలినన్ని పేజీలు చదివితే చాలు. అంటే 60 ఏళ్లవారికి 40 పేజీలు.

చివరికి ఆ మిత్రుడికి నిజం చెప్పినప్పుడు ఆయన నొచ్చుకోలేదు, ఎక్కడ ఆపావని మాత్రం అడిగారు. ఒక పాత్రను అందరూ అదేపనిగా హింసించడం భరించలేక ఆపానన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, ఒక సన్నపాటి కథల సంపుటి తీసి ఇచ్చారు. గత కొన్నేళ్లలో నేను చదివినవాటిలో నాకు అంతగా దగ్గరైన పుస్తకం మరొకటి లేదు.

కాబట్టి చదివాక తప్పకుండా తిరిగి వెళ్లి మాట్లాడండి, నచ్చినా నచ్చకపోయినా. కుట్టు వదులైన ఆ నవలను తిరిగి ఇస్తూ, ఉత్తరం పేజీ కంటే ఆ తరువాత కొడుకు ఇంటికి వచ్చే పేజీ నన్ను ఎక్కువ కదిలించిందని స్నేహితురాలితో చెప్పాను. ఆమె ఆ పేజీ వెతికి పట్టుకుని, కూర్చోవడం కూడా మరచి, నిలబడే చదవడం మొదలుపెట్టింది.