అవినీతిని బయటపెట్టిన విలేకరిపై పన్ను ఎగవేత కేసు ఎందుకు పెడతారు?

వార్త మీద కేసు పెడితే అది నిజమో కాదో కోర్టులో తేల్చాలి, పత్రాలన్నీ బయటికొస్తాయి. అందుకే వార్తను వదిలి మనిషిని పట్టుకుంటారు.

అజర్‌బైజాన్ విలేకరి ఖదీజా ఇస్మయిలోవా సంగతే చూడండి. దేశాధ్యక్షుడు అలియేవ్ కుటుంబానికి టెలికాం, బంగారు గనుల్లో ఉన్న రహస్య వాటాల గురించి ఆమె రాశారు. 2012లో ఆమెకు ఒక కవరు వచ్చింది. అందులో ఆమె పడకగదిలో దొంగ కెమెరాతో తీసిన దృశ్యాలు, రాయడం మానకపోతే పరువు తీస్తామన్న బెదిరింపు. ఆమె ఆ బెదిరింపునే లోకానికి చెప్పేశారు. ఎంత గుండె ధైర్యం!

2014 డిసెంబరులో, ఒకరిని ఆత్మహత్యకు పురికొల్పారంటూ అరెస్టు చేశారు. ఫిర్యాదు చేసినవాడే తర్వాత మాట వెనక్కి తీసుకున్నాడు. అయినా పన్ను ఎగవేత, నిధుల స్వాహా పేరిట 2015లో ఏడున్నరేళ్ల శిక్ష వేశారు. 2016 మేలో శిక్ష తగ్గించి విడుదల చేశారు. ఆమె వార్తల ప్రస్తావన ఆ అభియోగాల్లో ఎక్కడా లేదు.