బోరు నీళ్లు, పసుపెక్కిన మల్లె ఆకులు

ప్రశ్న: మా అపార్టుమెంటుకు బోరు నీళ్లే ఆధారం. బకెట్టు అడుగున తెల్లటి పొర కడుతుంది. మిద్దె మీది మల్లె, కరివేపాకు మొక్కల లేత ఆకులు పసుపెక్కుతున్నాయి. ఈ నీళ్లను వానపాముల బెడ్డు మీదుగా పోసి, కిందికి దిగినవి మొక్కలకు పెడితే సున్నమంతా పోతుందంటున్నారు. నిజమేనా?
– ఒక గృహిణి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: సున్నం పోదమ్మా. అయినా వానపాములను తప్పకుండా పెంచండి.

ముందు ఒక మల్లె ఆకును వెలుతురుకు పట్టి చూడండి. ఈనెలు పచ్చగానే ఉండి, మధ్య భాగం మాత్రమే పసుపెక్కిందా? ముదురు ఆకులు బాగానే ఉన్నాయా? అయితే అది ఇనుము లోపం కావచ్చు. బోరు నీళ్లలో కరిగి ఉండే బైకార్బొనేట్లు అనే లవణాలు మట్టిని క్షారంగా మార్చేస్తే, కుండీలో ఉన్న ఇనుము కూడా వేళ్లకు అందదు. ఇలాంటి మొక్కకు యూరియా వేస్తూ పోతే ఏం లాభం?

వానపాములు సున్నంలోని కాల్షియాన్ని మాయం చేయలేవు. కొన్ని జాతుల ఒంట్లో దాన్ని సున్నపు గుళికలుగా బయటికి పంపే గ్రంథులే ఉన్నాయి. మేలంతా వాటి ఎరువులో ఉంది. అందులోని హ్యూమిక్ పదార్థాలు (ఆకులు, పేడ చివికితే మిగిలే నల్లటి పదార్థాలు) ఇనుమును పట్టి ఉంచి వేళ్లకు అందిస్తాయి. చివికే ఆకులు, పేడ నుంచి పుట్టే ఆమ్లాలు బైకార్బొనేట్లను కొంత విరుస్తాయి.

కుళాయి బిగించిన డ్రమ్ములో అడుగున ఇటుక ముక్కలు, వాటిపై ముతక ఇసుక, ఆపైన ఎండుటాకులు, మాగిన పేడ వేసి వానపాములను వదలండి. పచ్చి పేడ వద్దు, ఆ వేడికి వానపాములు చస్తాయి. అవి చర్మంతోనే గాలి పీల్చుకుంటాయి కాబట్టి బోరు నీళ్లు ధారగా పోసి ముంచెత్తకండి, చిలకరించండి. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి చాలు. కుళాయిలోంచి దిగే వర్మీవాష్‌కు, అంటే బెడ్డులోంచి ఊరి వచ్చే ద్రవానికి, పది రెట్లు నీళ్లు కలిపి మొక్క మొదలు దగ్గర పోయండి. కుండీ మట్టిపై పేరుకున్న తెల్ల పొరను గీకేసి, నెలకోసారి రెండు గుప్పెళ్ల ఎరువు పైమట్టిలో కలపండి.

మీ భవనంలో ఉప్పు వేసి నడిపే సాఫ్ట్‌నర్ ఉందేమో తప్పక కనుక్కోండి. అది సున్నాన్ని తీసి, బదులుగా సోడియంను వదులుతుంది. బట్టలు ఉతకడానికి హాయిగా ఉంటుంది కానీ, మొక్కలకు అసలు బోరు నీళ్లకన్నా హాని. ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీళ్లలో లవణాలు మరింత చిక్కబడి ఉంటాయి. ఈ రెండు రకాల నీళ్లూ మొక్కలకే కాదు, వానపాములకూ పోయకండి. నీటి పరీక్ష చేయిస్తే కాఠిన్యంతోపాటు (నీళ్లలో సున్నం వంటి లవణాలు ఎంతున్నాయో చెప్పే కొలత) సోడియం ఎంతుందో కూడా అడగండి. తాగునీటి కాఠిన్యానికి మన ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేనప్పుడు 600 వరకు.

మే జల్లుల నుంచి అక్టోబరు దాకా వాన నీళ్లు పట్టుకోండి. మల్లెకు, కరివేపాకుకు ముందు అవే పోయండి. ఇప్పటికే బాగా పాలిపోయిన ఆకులు మళ్లీ పచ్చబడకపోవచ్చు. కొత్తగా వచ్చే చిగురు రంగును చూసి గుణం తెలుసుకోండి.